పాత సి.ఎఫ్.ఎల్. బల్బులు పెంటకుప్పల పాలు

2021లో మొదలైన గ్రామ ఉజాలా పథకం తొలి విడతలోనే మన విజయవాడ ప్రాంత గ్రామాలను చేర్చారు. వెలిగే పాత సాదా బల్బు తెచ్చి యిచ్చిన వారికి పది రూపాయలకే ఎల్.ఇ.డి. బల్బు అన్నారు. లాభం కాదనలేము. 60 వాట్ల సాదా బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు అవుతుంది. 7 వాట్ల ఎల్.ఇ.డి.కి ఒక్క యూనిట్‌తో సరిపోతుంది.

అయితే వెనక్కు తీసుకొన్నది పాదరసం లేని సాదా బల్బులను. కరెంటు ఆదా అవుతుందని అంతకు ముందు జనం కొనుక్కొన్న మెలికల గొట్టాల సి.ఎఫ్.ఎల్. బల్బులను అడిగినవారు లేరు. పాదరసం వున్నది వాటిలోనే, ట్యూబులైట్లలోనూ వున్నది. మాడిపోయినవి కొన్ని అటకెక్కాయి, కొన్ని పెంటకుప్పలో చేరాయి. ఆ పెంటనే వేసవిలో పొలానికి తోలతారు. గాజు పెంకులు కాళ్లలో గుచ్చుకోవడం అదనం.

బల్బు పగలనంత కాలం పాదరసం బయటికి రాదు. పగిలినా కంగారు పడనక్కరలేదు. ఒక్కొక్క దానిలో వుండేది సుమారు 4 మిల్లీగ్రాములు. పాతకాలపు థర్మామీటరులో అర గ్రాము వరకు వుండేది. పిల్లలను బయటికి పంపి, తలుపులు, కిటికీలు తెరచి పదిహేను నిముషాలు ఆగాలి. చీపురు పట్టరాదు, పొడి గదంతా లేస్తుంది. అట్టముక్కతో పెంకులెత్తి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా సీసాలో వేసి మూత బిగించాలి.

ఎల్.ఇ.డి.లో పాదరసం లేదు. అంత మాత్రాన సంతలో వూరూ పేరూ లేని చౌకరకం కొనడం తెలివి కాదు. పై మూత వూడినదాన్ని తాకితే షాకు కొట్టవచ్చు. బి.ఐ.ఎస్. గుర్తు చూసి కొనాలి.

ఇక ఆ సీసాను యెవరికివ్వాలి? 2016 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు సి.ఎఫ్.ఎల్.లను కూడా చేర్చి, సేకరణ బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. పల్లెటూరి గడప వద్దకు వచ్చి అడిగే వారేరీ? 30 వాట్ల వరకు సి.ఎఫ్.ఎల్.ల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2025తో ఆపాలని మినమాటా ఒప్పందపు దేశాలు 2022లో తీర్మానించాయి. కొత్తవి తగ్గుతాయి, నిజమే. అటక మీదివి అక్కడే వుంటాయి. పంచాయతీ చెత్త కేంద్రంలో వీటికొక పీపా వేరుగా పెట్టించి, నిండినప్పుడల్లా అనుమతి పొందిన రీసైక్లింగ్ కేంద్రానికి చేర్పించే పని జిల్లా యంత్రాంగం చేపట్టవలసి వున్నది.