బెత్తం పోయింది.. పద్ధతి రాలేదు

రాయచూరు: బడిలో ఏ గదిలో గొడవైనా ముందు వినిపించే మాట ఒక్కటే.. 'పీటీ సార్‌ను పిలవండి'. ఆకతాయిలను అదుపు చేయాలన్నా, ప్రార్థనకు ఆలస్యంగా వచ్చినవారిని పక్కన నిలబెట్టాలన్నా, ఆగస్టు 15కు కవాతు వరుసలు తీర్చాలన్నా ఆయనే దిక్కు. తీరా తన సొంత పీరియడ్ వచ్చేసరికి ఏడో తరగతి పిల్లల్ని కుదురుగా ఉంచలేక ఆయనే నానా తంటాలు పడుతుంటారు. చిత్రలేఖనం, సంగీతం మాస్టార్లదీ ఇదే అవస్థ. 'ఆ సార్‌కు పట్టు లేదు' అని తేలిగ్గా అనేస్తారు గానీ, తప్పంతా ఆయనదేనా అన్నది ఆలోచించాల్సిన విషయం.

360 మంది.. పేర్లెన్ని తెలుస్తాయి?

తరగతి ఉపాధ్యాయుడికి రోజూ అవే మొహాలు. ఎవరి తండ్రి ఏం చేస్తాడో, ఎవరు పొద్దున తినకుండా వచ్చారో తెలిసిపోతుంది. వ్యాయామ ఉపాధ్యాయుడికి ఆ వీలు లేదు. ఎనిమిది సెక్షన్లు, సెక్షన్‌కు 45 మంది అనుకున్నా 360 మంది పిల్లలు. అదీ వారానికి ఒకటి రెండు పీరియడ్లే. 'ఏయ్, నిన్నే' అంటే పది మంది తిరిగి చూస్తారు.. అల్లరి చేసినవాడు మాత్రం చూడడు!

2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలున్న బడికి కళలు, వ్యాయామం, చేతిపనుల కోసం పార్ట్‌టైమ్ శిక్షకులుంటే చాలంది. వారంలో కొన్ని గంటలే కనిపించే మనిషి మాటకు పిల్లల్లో విలువ ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మార్కుల భయమూ లేదు. 2024 ఎస్సెస్సెల్సీలో ఆరు సబ్జెక్టులకు కలిపి 625 మార్కులు. డ్రిల్లుకు, డ్రాయింగుకు అందులో చోటు లేదు. ఆ ఏడాది పరీక్ష గదుల్లో వెబ్‌కాస్టింగ్ పెట్టడంతో రాష్ట్ర ఉత్తీర్ణత 83.89 నుంచి 73.40 శాతానికి పడిపోయింది. ఇలాంటప్పుడు రివిజన్ కోసం ముందు కోత పడేది ఆటల పీరియడ్‌కే. లెక్కలు చేయకపోతే 'మీకు గేమ్స్ కట్' అనడమూ మామూలే. పక్క సార్ ఎప్పుడంటే అప్పుడు లాగేసుకునే పీరియడ్‌ను పిల్లలు మాత్రం ఎందుకు లెక్కచేస్తారు?

ఇక బెత్తం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎండలో నిలబెట్టినా, మైదానం చుట్టూ పరుగెత్తించినా శిక్షే. రాయచూరు ఎండల సంగతి తెలిసిందే. బెత్తం పోవడం మంచిదే. అయితే చాలాచోట్ల దాని బదులు ఏం చేయాలో చెప్పకుండానే, దండించే పని మాత్రం పీటీ సార్ నెత్తినే ఉంచారు. పొద్దున గద్దించిన మనిషే సాయంత్రం 'రండి ఆడుకుందాం' అంటే పిల్లలు దగ్గరికి రారు.

మాట తెలియకపోతే మొండితనమా?

సరిహద్దు జిల్లా కావడంతో ఇక్కడ మరో చిక్కు ఉంది. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రాయచూరులో కన్నడ, తెలుగు, ఉర్దూ కలిసే వినిపిస్తాయి. సింధనూరు, మాన్వి తాలూకాల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద వెలసిన క్యాంపుల్లో ఇంటి మాట తెలుగే. సార్ కన్నడలో 'సాకు' అంటే 'ఇక చాలు' అని. కొత్తగా చేరిన తెలుగు పిల్లాడికి సాకంటే వంక! 'సాలాగి నిల్లి' అంటే మాత్రం రైతు బిడ్డ ఇట్టే పట్టేస్తాడు.. సాలు అతనికి పొలంలో తెలిసిన మాటే. అర్థంకాక ఆగనివాడిని మొండివాడని ముద్ర వేస్తే నష్టం ఇద్దరికీ.

ముందే అడ్డుకోవడంలోనే కిటుకు

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కౌనిన్ సక్రమంగా సాగే తరగతులను, గందరగోళంగా ఉండే తరగతులను పోల్చి 1970లో ఒక పుస్తకం ప్రచురించారు. అల్లరి జరిగాక మందలించే తీరులో ఇద్దరు టీచర్లకూ పెద్ద తేడా ఆయనకు కనబడలేదు. అసలు తేడా అల్లరి మొదలుకాకుండా చూసుకోవడంలో ఉంది. గది అంతటా ఓ కన్నేసి ఉంచడం, ఒక పని నుంచి మరో పనికి తడబాటు లేకుండా మారడం, అందరికీ చేతినిండా పని ఉంచడం.. కిటుకు ఇదే.

మన మైదానంలో దీనికి ఖర్చేమీ లేదు. ఒక విజిల్‌కు ఆగాలి, రెండు విజిళ్లకు చుట్టూ చేరాలి అని మొదటి వారంలోనే అలవాటు చేస్తే మూడు భాషల వాళ్లకూ ఒకటే ఆజ్ఞ. 45 మందికి ఒకే బంతి ఇస్తే ఇరవై మంది ఆడతారు, మిగతావారు తగువులాడతారు. నాలుగు జట్లు చేసి ఒకరికి బంతి, ఒకరికి తాడు, ఒకరికి కబడ్డీ గీత, ఒకరికి ఖోఖో ఇచ్చి పది నిమిషాలకోసారి మార్చితే ఖాళీగా ఉండేవాడు ఉండడు. డ్రాయింగ్‌లో రంగులు లేని పిల్లలే ముందు గోల చేస్తారు. జట్టుకో పెట్టె ఇచ్చి, తీసి దాచే పని అల్లరివాడికే అప్పగిస్తే సగం గొడవ సద్దుమణుగుతుంది.

మిగతాది బడి చేయాల్సిన పని. పేర్ల పట్టికతో పాటు ఏ పిల్లాడికి ఏ ఇబ్బంది ఉందో తరగతి టీచర్ ముందే చెప్పాలి. గదిలో ఉన్న నియమాలే మైదానంలోనూ ఉండాలి. ఆటల పీరియడ్‌ను శిక్షగా కోయడం ఆపాలి. ఏ సార్ గదిలో గొడవను ఆ సారే తేల్చుకోవాలి. ఎస్‌డీఎంసీ సమావేశంలో ఈ నాలుగూ అడగడానికి తల్లిదండ్రులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. డీడీపీఐ, బీఈవో కార్యాలయాలు సబ్జెక్టు టీచర్లతో పాటు వీరికీ మైదానంలోనే శిక్షణ ఇప్పించాలి.

పత్తి తీసే రోజుల్లో చేలో కూలి పిలుస్తుంటుంది. చదువులో వెనకబడిన పిల్లాడిని ఆ రోజుల్లోనూ బడికి రప్పించేది ఒక్కోసారి ఆ ఆటల పీరియడే. అక్కడా తిట్లే ఎదురైతే వాడు ఇంకెందుకొస్తాడు?