లెక్కల ఎమ్మెస్సీకి కావాల్సిన కాగితాలు, మనింట్లో దొరకని ఇజాజత్



పోయిన జుమేరాత్ ఎల్లారెడ్డిలో ఒక వలీమా దావత్‌కు పోయాను. దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ, బగారా బైంగన్, డబుల్ కా మీఠా. పక్కన కూర్చున్న పెద్దమనిషి మాకు దూరపు రిష్తేదార్. మాటల్లో మాటగా వాళ్ల బిడ్డ సంగతి వచ్చింది. కామారెడ్డిలో బీఎస్సీ ఎంపీసీఎస్ పూర్తి చేసింది, సీపీగెట్ రాసింది, తెలంగాణ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథమెటిక్స్ సీటొచ్చింది. నేను ముబారక్ అన్నాను. ఆయన చెయ్యి ఊపి, "ఏం ముబారక్ భాయ్, పోనిస్తలేను. ఆడపిల్లకు లెక్కల్లో ఎమ్మెస్సీ ఎందుకు? చేస్తే ఏమొస్తది? రిష్తాలు చూస్తున్నం" అన్నారు.

చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. ఆ రోజు నేను కూడా నోరు తెరవలేదు. దావత్ ఖరాబ్ చేయడం ఎందుకులే అనుకున్నాను. ఇంటికొచ్చాక నా మీద నాకే శరమ్ అనిపించింది. అక్కడ చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ డిగ్రీకి ఏమేం కావాలో చూద్దాం. డిగ్రీలో మ్యాథమెటిక్స్ ఒక సబ్జెక్టుగా చదివి పాసై ఉండాలి. సీపీగెట్ రాయాలి. రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ కలిపి ఉస్మానియా నడిపే ఇమ్తిహాన్ అది. 90 నిమిషాలు, 100 ప్రశ్నలు. డిగ్రీలో చదివిన కాల్క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రాలోంచే అడుగుతారు. ర్యాంకు వచ్చాక ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్లు ఎక్కించాలి, వెబ్ ఆప్షన్లు పెట్టాలి, సీటొస్తే చెప్పిన తారీఖులోపల పోయి రిపోర్ట్ చేయాలి. తర్వాత రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ఆల్జీబ్రా, అనాలిసిస్, టోపాలజీ, కాంప్లెక్స్ అనాలిసిస్, ఫంక్షనల్ అనాలిసిస్ లాంటి పేపర్లు. 75 శాతం హాజరీ. ఇంతే. ఇందులో ఎక్కడా "మగపిల్లాడై ఉండాలి" అని లేదు, "ఖాందాన్ ఒప్పుకోవాలి" అనీ లేదు. ఆ షరతు మనం కలిపింది.

ఆ షరతు ఎమ్మెస్సీ రోజున కూడా పుట్టలేదు. టెన్త్ రిజల్ట్ వచ్చిన వారంలోనే పుట్టింది. మెమో చేతికి రాగానే మన ఇళ్లలో మష్వరా జరుగుతుంది. అబ్బాయికి ఎంపీసీ, ఇంజనీరింగ్. బిడ్డకు "ఏదో ఒకటి, ఇంటికి దగ్గర". ఎల్లారెడ్డిలో, లింగంపేటలో, తాడ్వాయిలో ఎంతమంది బచ్చీలకు లెక్కల్లో మంచి మార్కులొచ్చినా సీఈసీలోనో, బైపీసీలోనో వేశారో మీ మొహల్లాలోనే గిన్తీ చేసి చూడండి. ఇంటర్‌లో లెక్కలు వదిలితే డిగ్రీలో లెక్కలు తీసుకోవడం కష్టం. డిగ్రీలో లెక్కలు లేకపోతే ఎమ్మెస్సీ దర్వాజా బంద్. పదహారేళ్ల పిల్ల మీద ఆ రోజు తాళం వేసి, ఇరవై ఒకటో ఏట "మన ఖౌమ్‌లో టీచర్లు లేరు, లెక్చరర్లు లేరు" అని జల్సాల్లో అఫ్సోస్ చేస్తాం.

ఈ పిల్ల ఆ తాళాన్ని దాటుకొని వచ్చింది. ఇప్పుడు ఆఖరి గడపలో ఆపుతున్నాం.

ఖర్చు అంటారా? మనకు కాగితాలు తెలియవనుకోవద్దు. షాదీ ముబారక్ సంగతి తీయండి. 2014లో 51,000 రూపాయలతో మొదలైంది, ఇప్పుడు 1,00,116. దానికి ఏ కాగితం కావాలో, మీసేవలో ఎవరిని కలవాలో, ఎమ్మెల్యే చెక్కులు ఎప్పుడు పంచుతారో గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మంచిదే, గరీబ్ తండ్రికి అది సహారా. కానీ అదే మీసేవలో, అదే ఇన్‌కమ్ సర్టిఫికెట్‌తో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేయొచ్చని ఎంతమందికి తెలుసు? పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షల లోపు ఆమ్‌దనీ ఉన్న ఇళ్లకు ఆ స్కీము ఉంది. 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటి వారు అందులోకి రారు గానీ షేక్ కుటుంబాలు వస్తాయి. ఆ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోక, కౌన్సెలింగ్ నాడు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి సీటు పోగొట్టుకున్న పిల్లల్ని నేను చూశాను. షాదీ ఫైలుకు ఇచ్చే తవజ్జో తాలీమ్ ఫైలుకు ఇవ్వకపోవడం గరీబీ కాదు. అది మన పసంద్.

సర్కారును కూడా వదిలిపెట్టను. రీయింబర్స్‌మెంట్ పైసలు వేళకు రావు. బకాయిల కోసం 2024లో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు బంద్ పాటించాయి. మధ్యలో నలిగేది తండ్రి చేతిలో పైసల్లేని పిల్లలే. దాని మీద ధర్నా చేద్దామంటే నేను ముందు నడుస్తాను. కానీ సర్కారు చేసిన జుల్మ్‌ను మన ఇంటి జుల్మ్‌కు బహానాగా వాడుకోవద్దు.

దూరం అంటారు. ఈ మాటను నేను హల్కాగా తీసుకోను. ఎల్లారెడ్డికి రైలు లేదు. బస్సులో కామారెడ్డి, అక్కడినుంచి మళ్లీ నిజామాబాద్ తోవలో డిచ్‌పల్లి. రోజూ పోయి రావడం కష్టం, హాస్టల్‌లో ఉంచాలి. జమానా బాగాలేదన్న ఫికర్ నాక్కూడా ఉంది, నాకూ బిడ్డలున్నారు. అయితే ఫికర్ ఉన్న తండ్రి ఏం చేస్తాడు? పోయి హాస్టల్ చూస్తాడు. వార్డెన్‌తో మాట్లాడతాడు. అక్కడ చదివే మన పిల్లలెవరో కనుక్కుంటాడు. నలుగురు కలిసి ఉండే ఏర్పాటు చేస్తాడు. ఇవేవీ చేయకుండా "జమానా ఖరాబ్" అనేవాడిది ఫికర్ కాదు, ఇన్కార్. అదే పిల్లను రేపు ముంబైకో, జెద్దాకో నికా చేసి పంపేటప్పుడు దూరం ఎవరికీ గుర్తుండదు.

ఇక "చేస్తే ఏమొస్తది" అన్న సవాల్. సాఫ్‌గా చెప్తాను. ఎమ్మెస్సీ చేతికి రాగానే ఎవరూ నౌకరీ తెచ్చి ఇవ్వరు. అబద్ధం చెప్పి బిడ్డల్ని చేర్పించమనను. కానీ జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ లేకుండా దరఖాస్తే పెట్టలేం. 2022 నోటిఫికేషన్‌లో అన్ని సబ్జెక్టులూ కలిపి 1,392 జేఎల్ పోస్టులు వచ్చాయి. బీఈడీ కూడా చేస్తే గురుకులాల్లో పీజీటీ, మన మైనారిటీ గురుకులాలు సహా. 55 శాతం మార్కులతో పీజీ, దాని మీద నెట్ లేదా సెట్ ఉంటే డిగ్రీ కాలేజీ. మన బచ్చీలకు లేడీ టీచరే కావాలని పట్టుబట్టేది మనమే. ఆ లేడీ టీచర్ ఎవరింటి నుంచి రావాలి? ప్రతి ఇంటివాడూ పక్కింటి బిడ్డ నుంచే అనుకుంటే క్లాసులో కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లిష్ భయం ఉంటుంది. వాళ్లకు హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది, 1998 నుంచి. అక్కడ లెక్కల ఎమ్మెస్సీ ఉర్దూలోనే చదవొచ్చు.

పిల్లలకు కూడా ఒక మాట. గైడు బట్టీ పట్టి బీఎస్సీ దాటొచ్చేమో గానీ ఎమ్మెస్సీ దాటలేరు. అక్కడ జవాబు కాదు, సబూత్ అడుగుతారు. ఈ మాట ఎందుకు నిజం అని ఒక్కో లైను దలీల్‌తో రాయాలి. డిగ్రీలో రియల్ అనాలిసిస్ థియరమ్‌లు చూడకుండా రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి. సీటు రావడం సగం పనే.

మనం పెద్ద ఫఖర్‌తో చెప్పుకుంటాం, ఆల్జీబ్రా అన్న పేరే అల్-ఖ్వారిజ్మీ కితాబ్ నుంచి వచ్చిందని. నిజమే. ఆ కితాబ్‌లో పెద్ద హిస్సా మీరాస్ లెక్కలే అన్నది మాత్రం చెప్పుకోం. బిడ్డకు ఎంత, బీవీకి ఎంత, తల్లికి ఎంత అని హక్కు తేల్చడానికే ఆయన ఆ లెక్కలు రాశాడు. మన హైదరాబాద్‌లో పుట్టిన రజియుద్దీన్ సిద్దీఖీ సాహబ్ ఉస్మానియాలో చదివి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, మళ్లీ ఉస్మానియాలోనే లెక్కలు చెప్పారు. తెహ్రాన్ బిడ్డ మర్యమ్ మీర్జాఖానీ 2014లో ఫీల్డ్స్ మెడల్ తీసుకుంది, ఆ మెడల్ అందుకున్న మొదటి ఔరత్ ఆమే. ఈ పేర్లు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి, ఇంట్లో ఉన్న మర్యమ్‌ను వంటింట్లోకి ఫార్వర్డ్ చేస్తే ఆ ఫఖర్ మనది కాదు, చోరీ చేసింది.

మస్జిద్ కమిటీలకు నా గుజారిష్. ఏడాదికొకసారి సీపీగెట్ తారీఖు జుమా నాడు ఏలాన్ చేయండి. బీసీ-ఈ, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు తీయించడానికి ఇద్దరు నౌజవాన్లను పెట్టండి. ముస్తహిఖ్ అయిన పేద తాలిబె ఇల్మ్ హాస్టల్ ఖర్చుకు జకాత్ ఇవ్వొచ్చా అని మీ ఆలిమ్‌లనే అడగండి.

ఇక ఆ పెద్దమనిషికి. భాయీ సాహబ్, మీ బిడ్డ రిపోర్ట్ చేయడానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి. రిష్తా ఈ నెల కాకపోతే వచ్చే నెల వస్తుంది, ఈ సీటు మాత్రం నాలుగు రోజుల తర్వాత ఇంకొకరిది. హాస్టల్ చూడ్డానికి డిచ్‌పల్లి పోదామంటే నేను వస్తాను. బస్సు చార్జీ నాది. దావత్‌లో చెప్పాల్సింది అప్పుడు చెప్పలేదు, మాఫ్ చేయండి.