మెగాపిక్సెల్ కాదు, రోషనీ లెక్క అడగండి

కెమెరా దుకాణంలో మొదట వినిపించే మాట మెగాపిక్సెల్. 20 ఉంది, 24 ఉంది అని చెబుతారు. ఆ పిక్సెళ్లన్నీ పరిచిన జాగా ఎంతో మాత్రం చెప్పరు. అసల్ ఫరక్ అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. పాత ఫిల్మ్ రీలులో ఒక తస్వీర్ అంత. వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. చవక కాంపాక్ట్ కెమెరాల్లో మామూలుగా ఉండేది 28 మాత్రమే. అంటే 30 రెట్ల తేడా! 2012లో సోనీ ఆర్‌ఎక్స్100లో వచ్చిన 'ఒక అంగుళం' సెన్సర్ వీటి మధ్యలో ఉంటుంది, 116. తమాషా ఏమిటంటే, దాన్ని మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లు నిండదు. ఆ పేరు పాత టీవీ కెమెరాల గాజు గొట్టం కొలత నుంచి వచ్చింది.

వానలో దేగ్ పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, పియాలా పెడితే ఎన్ని పడతాయి? రోషనీ కూడా అంతే. ఎండలో పియాలా కూడా నిండుతుంది. ఈద్‌గాహ్ బయట పగలు తీసిన ఫోటోని ఆల్బమ్ సైజులో చూస్తే రెండింటికీ పెద్దగా ఫరక్ తెలియదు. 4×6 ప్రింటుకు 2 మెగాపిక్సెళ్లు చాలు. రాత్రి వలీమాలో, మసక బల్బు కింద దాదీమా ముఖం తీసేటప్పుడే చిన్న సెన్సర్ తస్వీర్ చుక్కలు చుక్కలవుతుంది.

అలాగని అందరూ ఫుల్‌ఫ్రేమ్ కొనాలా? హర్గిజ్ కాదు. కిస్తీల మీద బాడీ కొని, లెన్స్‌కు పైసలు మిగలని నౌజవాన్లు చాలామంది ఉన్నారు. ఆ బాడీకి ఎఫ్ 5.6 లెన్స్ బిగిస్తే, ఆర్‌ఎక్స్100 జూమ్ లేకుండా ఎఫ్ 1.8లో పట్టినంత రోషనీ కూడా దానికి అందదు. షటర్ వేగం ఒకటే అయితే లెక్క ఇంతే. దేగ్ కొని మూత సగం మూసినట్టు!

అందుకే అమ్మీ అబ్బాలకు నా మష్వరా ఇది. బేటాకు గానీ బేటీకి గానీ షాదీల ఫోటోగ్రఫీయే రోజీ కాబోతుంటే ఫుల్‌ఫ్రేమ్ ఫిజూల్ ఖర్చు కాదు, పనిముట్టు. ఎఫ్ 1.8 లెన్స్‌తో కలిపే బజెట్ వేయండి. ఇంటి జ్ఞాపకాల కోసమైతే అంగుళం సెన్సర్ కాంపాక్ట్ బేషుగ్గా సరిపోతుంది. ఆర్‌ఎక్స్100 బరువు 240 గ్రాములే, జేబులో పడుతుంది. బరువని అల్మారాలో దాచిన కెమెరా ఎంత పెద్దదైతే ఏం ఫాయిదా?

దుకాణదారుణ్ణి రెండే అడగండి: సెన్సర్ కొలత ఎంత? లెన్స్ ఎఫ్ నంబర్ ఎంత? జవాబు వచ్చాకే పైసలు తీయండి.