పేరు కొట్టివేయకముందు

ఒక యౌవనస్థుడు నాలుగు ఆదివారములు ఆరాధనకు రానియెడల "వాని పేరు కొట్టివేయుడి" అనుట మనకెంత సులభము! ఇంటిలో బిడ్డ తప్పిన యెడల, మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత చెప్పి బెత్తము తీయుదుము. వంచుటకును విరుచుటకును భేదము లేదా? మనము క్రమశిక్షణ అనుచున్నది తరచుగా మన ఓపికలేమియే.

మార్కును జ్ఞాపకము చేసికొనుడి. అతడు పంఫూలియలో పని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. అట్టివానిని మరల వెంటబెట్టుకొనుట తగదని పౌలు తలంచెను. ఆ తలంపునకు కారణము లేకపోలేదు. అయినను బర్నబా అతనిని తోడుకొని కుప్రకు ఓడ యెక్కెను. తరువాతి కాలమున సంకెళ్లలోనున్న ఆ పౌలే, మార్కు తనకు పనికివచ్చువాడు గనుక వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాసెను. నాడు బర్నబాయు చెయ్యి విడిచియుండినయెడల ఏమగును?

తప్పును తప్పనవద్దని నేననుటలేదు. చెప్పుడి, అయితే పదిమందిలో నిలువబెట్టి కాదు, వాని యింటికి వెళ్లి, ప్రక్కన కూర్చుండి చెప్పుడి. ఒకసారి వినకున్న మరల వెళ్లుడి. దేవుడు మనయెడల ఎన్నిసార్లు ఓర్చెనో లెక్కించితిమా?

పెద్దలారా, తలిదండ్రులారా, ఈ వారము మీరు కొట్టివేయదలచిన పేరు ఎవరిది? సంఘపు రిజిస్టరు మూయుడి. వాని తలుపు తట్టుడి.