వర్ధనికి వర్ధని, సంజీవనికి సంజీవని

కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పెట్టారు. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి చేతిలో అప్పటికే 'ఆంధ్ర భాషా సంజీవని' ఉంది. సంస్కరణ మాటెత్తితే వీరేశలింగానికి హుషారు, పంతులుగారికి ఒళ్లుమంట. వివేకవర్ధనికి పోటీగా పంతులుగారు 'హాస్యవర్ధని' తెచ్చారు. వీరేశలింగం ఊరుకుంటారా? 'హాస్య సంజీవని' మొదలుపెట్టారు. అవతలివాడి పత్రిక పేరులో సగం పట్టుకొచ్చి, ముందు 'హాస్య' తగిలించి ఎవరి నవ్వుల దుకాణం వాళ్లు తెరిచారన్నమాట.

కయ్యం చిల్లరదే. కానీ తెలుగులో తొలి ప్రహసనం అచ్చయింది ఆ హాస్య సంజీవనిలోనే. వీరేశలింగం అప్పటికింకా గ్రాంథికం విడిచిన మనిషి కాదు. ఉపన్యాసం రాసినా, వచనం రాసినా వ్యాకరణం దాటేవారు కారు. ప్రహసనంలో మాత్రం పాత్రల నోళ్లు కట్టెయ్యలేదు. కోర్టు చుట్టూ తిరిగేవాడు కోర్టు భాషే మాట్లాడాలి, లేకపోతే నవ్వు రాదు. అలా గుమ్మంలోంచి రానివ్వని వాడుక భాష పెరటి తలుపు తోసుకుని అచ్చులోకి వచ్చేసింది. చదువరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. 'బ్రాహ్మ వివాహం' అని ఆయన పెట్టిన పేరు వాళ్లకు 'పెద్దయ్యగారి పెళ్లి' అయింది. వకీళ్ల మోసాల మీద రాసిన 'వ్యవహార ధర్మబోధిని' ఉత్త 'ప్లీడరు నాటకం' అయి కూర్చుంది. 1880లో రాజమండ్రిలో ఆయన శిష్యులు దాన్ని ఆడారు కూడా.

ఈ నవ్వు ఎవరిని వదిలేసిందో కూడా చెప్పుకోవాలి. లంచగొండి ఉద్యోగికి, ముసలి పెళ్లికొడుక్కి, ప్లీడరుకు తగిలినంతగా తెల్లదొరతనానికి తగల్లేదు. భయం వల్ల అనలేం. 1878లో వైస్రాయి లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టం మద్రాసు రాజధానికి వర్తించలేదు. దొరల న్యాయం మీద వీరేశలింగం తరానికి నిజంగానే గురి ఉండేది. నాకది లోటుగానే కనిపిస్తుంది.

భాష దగ్గర మాత్రం పెరటి తలుపు మళ్లీ మూతపడలేదు. గురజాడ 'కన్యాశుల్కం' వాడుక భాషలోనే 1892లో రంగస్థలమెక్కింది. 1919లో రాజమండ్రిలో వాడుక భాష కోసం గిడుగు వారు సమాజం పెట్టినప్పుడు అధ్యక్షుడిగా కూర్చున్నది వీరేశలింగమే. అప్పటికి ఆయనకు మిగిలింది మూడు నెలలు.