చేసి చూడండి: దోనె బల్ల

పిల్లలూ! కొల్లేటి లంకలలో ఉండేవారికి తాటిదోనె సంగతి నేను చెప్పనక్కరలేదు. తక్కినవారికోసం చెబుతాను. తాటిమానుకు పైచుట్టూ కలప మహా గట్టి, లోపల మెత్తన. ఆ మెత్తనిదంతా తొలిచివేస్తే మిగిలిన డొల్లయే దోనె. ఒంటి దోనె నీటిమీద ఇట్టే దొర్లుతుంది. అందుకని రెండింటిని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో బిగించడమూ ఉన్నది.

చిల్లులు పడి గట్టున పారవేసిన దోనె ఒకటి ఉంటే, అది పొయ్యిలోకి పోకముందే పెద్దలనడిగి తెచ్చుకోండి. దానితో పెరటిలో ఆటబల్ల చేద్దాం. వడ్రంగిచేత మూడేసి మూరల ముక్కలు రెండు కోయించి, తెరచుకున్న కొసలను చెక్కలతో మూయించండి. గుంజలు పాతి, వాటిమీద అడ్డుదూలాలు వేసి, దూలాలలో దోనె కూర్చునేటట్టు గుండ్రని గాళ్ళు కొట్టించాలి. మేము మొదటిసారి గాళ్ళు లేకుండానే పెట్టి, చూస్తూండగానే నీరంతా కాళ్ళమీద పోయించుకున్నాం! అంచు మీలో చిన్నవాడి నడుమెత్తుకు మించకూడదు. ఆరేళ్ళవాడికి రెండడుగులు చాలు. చిల్లులకు లోపలినుంచి బంకమట్టి మెత్తండి. కాస్త కారితే కారనివ్వండి, ఆరుబయటి ఆటే గదా!

దోనె దొరకనివారు రెండు వెడల్పాటి తొట్లు పెట్టుకోవచ్చు.

మొదటి దోనె కొల్లేరు. రెండవది సముద్రం, దానిని నాలుగు వేళ్ళు దిగువగా పెట్టండి. రెంటికీ నడుమ ఒక సన్నని వెదురుగొట్టం అమర్చండి. అదే ఉప్పుటేరు. నిజమైన ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. కొల్లేటి దోనెలో బంకమట్టి పరచి, మధ్య పల్లం చేసి, నాలుగు కాలువలు తీయండి: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు. మట్టిదిబ్బమీద చింతగింజలు పెడితే అది లంక, అవి ఇళ్ళు.

నలుగురూ తలొక చెంబు పట్టుకుని మెల్లగా నీరు వదలండి. వచ్చిన నీరు వచ్చినట్టే ఉప్పుటేటిలోకి పోతుంది. ఈసారి నలుగురూ ఒక్కుమ్మడిగా పోయండి. కొల్లేరు ఉబ్బుతుంది! వచ్చే దారులు నాలుగు, పోయే దారి ఒకటి. అయినా పల్లంలో చోటున్నది గనుక నీరు కాసేపు ఆగి, నెమ్మదిగా తీస్తుంది.

ఇప్పుడు ఆ పల్లంలోనే మట్టిగట్లు కట్టి చేపల చెరువులు చేసి, ముందుగానే నీటితో నింపండి. మళ్ళీ అవే నాలుగు చెంబులు పోయండి. చింతగింజలు ఏమయ్యాయి? ఉప్పుటేటి నోటిలో ఇంత గుర్రపుడెక్క కుక్కి కూడా చూడండి.

ఇది ఉత్త ఆట కాదు. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం వేల ఎకరాల చెరువుల గట్లను తెగగొట్టించింది. చెరువులు తవ్వినవారంతా చెడ్డవారనుకోకండి. ఆ చేపలమీద బతికిన ఇళ్ళెన్నో ఉన్నాయి. ఎన్ని చెరువులవరకు లంక మునగకుండా ఉంటుందో, ఒక్కొక్క గట్టే తీసివేస్తూ మీ బల్లమీద లెక్క కట్టండి. మా ఇంట ఈ లెక్కమీద పెద్ద తగవే అయింది.

నీరు జానెడే అయినా పసివాళ్ళకు ప్రమాదమే. పెద్దవారు ఒకరు దగ్గర ఉండితీరాలి. సాయంకాలం నీరంతా తోడి మొక్కలకు పోసివేయండి. వారంరోజులు నిలవ ఉంచారా, మీ కొల్లేటికి పక్షులకన్న ముందు దోమలు వస్తాయి!