ఆకు రాలితే చచ్చినట్టేనా?

కొత్తది వచ్చిందంటే పాతది పోవాలి. ఇదీ ఇవాళ మన ఇళ్ళల్లో నడుస్తున్న ధర్మశాస్త్రం. కొత్త సోఫా వస్తే పాత కుర్చీ వీధిలోకి, మిక్సీ వస్తే రోలు పెరట్లోకి. పోనీ, వాటికి ప్రాణం లేదు కదా అని సరిపెట్టుకున్నాం. కానీ ప్రాణం ఉన్నవాటికి కూడా ఇదే ధర్మం అమలు చేస్తుంటే మాత్రం నేను ఊరుకోలేను.

హాల్లో పెట్టుకునే చేపలతొట్టి సంగతే తీసుకోండి. రెండడుగుల గాజుతొట్టి. అందులో మొక్కలు నాలుగేళ్ళుగా ఇసకలోకి వేళ్ళు దింపుకుని, పక్కన పిలకలు పెట్టి, చేపపిల్లలకి చాటై, కళకళలాడుతూ ఉంటాయి. ఇంతలో ఇంటాయనకి ప్రమోషనో, కొత్త ఫ్లాటో వస్తుంది. దాంతోపాటు నాలుగడుగుల తొట్టీ వస్తుంది. దుకాణం అతను వెంటనే సలహా పారేస్తాడు. "పాత మొక్కలు మారిస్తే బతకవండీ. పారేసి కొత్తవి పట్టుకెళ్ళండి!" అమ్ముకునేవాడు అలా అనక మరేమంటాడు? అతన్ని నేనేమీ అనను. ఆ మాట పట్టుకుని నాలుగేళ్ళ మొక్కని చెత్తబుట్టలో వేసే ఇల్లాలినే అడుగుతున్నాను. కుండీలో కరివేప మొక్కని నేలలోకి మార్చేటప్పుడు కూడా ఇలాగే చేస్తావా తల్లీ?

వాళ్ళ భయానికి కారణం లేకపోలేదు. మార్చిన నాలుగైదు రోజులకే కొన్ని మొక్కల ఆకులు కరిగిపోతాయి. క్రిప్టోకోరైన్ అనే మొక్క ఇందులో మరీ ఘటికురాలు. నిన్నటిదాకా నిగనిగలాడిన ఆకు ఉడికిన తోటకూరలా మెత్తబడి, జారిపోయి, నీళ్ళన్నీ పాడుచేస్తుంది. "చెప్పలేదూ, చచ్చింది!" అంటారు చూసినవాళ్ళు.

చావలేదు. నా పోట్లాటంతా ఇక్కడే. ఈ క్రిప్టోకోరైన్ పేరు నోరు తిరక్కపోయినా మనకి పరాయిదేం కాదు. మన చేమ, కంద ఉన్నాయే, వాటి కుటుంబంలోదే. దాని జాతులు కొన్ని శ్రీలంకలోనూ, కొన్ని మన దేశంలోనూ ఏళ్ళల్లో, వాగుల్లో పుట్టి పెరుగుతాయి. చేమాకు వాడిపోయినంత మాత్రాన దుంప చచ్చిందని ఏ ఇల్లాలైనా అనుకుంటుందా? దీని సంగతీ అంతే. నీళ్ళు మారి, వెలుతురు మారేసరికి పాత ఆకుల్ని వదిలేసుకుంటుంది. ప్రాణాన్ని మాత్రం ఇసకలో, వేళ్ళ మొదట్లో దాచుకుంటుంది. కొత్త నీళ్ళకి తగిన కొత్త ఆకుల్ని అక్కణ్ణించే పంపిస్తుంది. అందుకు మూడు వారాలు పట్టొచ్చు, ఆరు వారాలూ పట్టొచ్చు. మనకేమో ఎనిమిదో రోజుకే ఓపిక చచ్చిపోతుంది!

వరి పండించే వాళ్ళం, ఇది ఒకరు మనకి నేర్పాలా? నారు పీకి నాటిన మడి మొదటి వారం ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? పాలిపోయి, సొమ్మసిల్లినట్టు ఉంటుంది. అది చూసి ఏ రైతూ మడి దున్నేయడు. ఊనుకునేదాకా ఆగుతాడు.

గాజుతొట్టిలో చేపనీ మొక్కనీ కలిపి బతికించి చూపించిన తొలివాళ్ళలో రాబర్ట్ వారింగ్టన్ అనే ఆయన ఒకరు. లండన్లో రసాయన శాస్త్రవేత్త. 1850 ప్రాంతాల్లో రెండు గోల్డ్ ఫిష్‌లనీ, వేలిస్నేరియా అనే నీటిమొక్కనీ పెట్టి పరిశీలించాడు. ఆయన తొట్టిలోనూ ఆకులు కుళ్ళాయి, నీళ్ళు చెడ్డాయి. అయితే ఆయన మొక్కని పీకి పారేయలేదు. నత్తల్ని తెచ్చి వదిలాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తినేశాయి, నీళ్ళు తేరుకున్నాయి. నూట డెబ్భై ఏళ్ళ కిందటే ఆయనకి తట్టిన మాట మనకింకా తట్టడం లేదు.

ఇక శుభ్రం పిచ్చివాళ్ళు ఉన్నారు. కొత్త తొట్టి కదా అని పాత ఇసకంతా పారబోసి, ఫిల్టరులోని స్పంజిని సబ్బుపెట్టి తోమి, మొక్క వేళ్ళని కుళాయి కింద తెల్లగా కడిగి, అప్పుడు నాటుతారు. అమ్మా, అది వంటగిన్నె కాదు! చేపల మలినం నుంచీ, తినగా మిగిలిన మేత నుంచీ నీళ్ళలో అమోనియా పుడుతుంది. అది చేపలకి విషం. దాన్ని ముందు నైట్రైటుగా, ఆ తరవాత అంత హాని చెయ్యని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఆ ఇసకలోనూ, ఆ స్పంజిలోనూ కాపురముంటాయి. ఏమీ లేని కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. గిన్నె ఎంత తళతళలాడినా పాత పెరుగు చుక్క పడకుండా పాలు తోడుకుంటాయా? పాత ఇసకా, పాత స్పంజీ కొత్త తొట్టికి తోడు. కడిగి పారబోస్తున్నది మురికి అనుకుంటున్నారు గానీ, అది తోడంటు!

మరి ఎలా మార్చాలంటారా? మొక్కని లాగకండి. వేళ్ళచుట్టూ చెయ్యి పోనిచ్చి, అంటుకున్న ఇసకతో సహా ఎత్తండి. పాత తొట్టి నీళ్ళే బకెట్లో పోసి అందులో ఉంచండి. ఎప్పుడూ నీళ్ళలో ఉండే ఆకు పైకి తీస్తే నిమిషాల్లో ఎండిపోతుంది. అమెజాన్ స్వోర్డులాంటి వాటికి వేళ్ళు జడలా పెరిగి ఉంటే కొసలు కొంచెం కత్తిరించినా నష్టం లేదు. నాటేటప్పుడు వేళ్ళు మాత్రమే ఇసకలో ఉండాలి, ఆకులు పుట్టే మొదలు పైకి కనిపించాలి. అనూబియాస్, జావా ఫెర్నులకయితే అడ్డంగా పాకే దుంపని అసలు పూడ్చకూడదు, కుళ్ళిపోతుంది. రాయికో కొయ్యకో దారంతో కడితే చాలు. కుళాయినీళ్ళు ఒకరోజు బకెట్లో నిలవుంచి, క్లోరిన్ పోయాక పోయండి. మొదటి వారాల్లో దీపం రోజుకి ఆరుగంటలు మించనివ్వకండి. లేకపోతే మొక్క కంటే ముందు పాచి పెరుగుతుంది. కరిగిన ఆకుల్ని ఏరెయ్యండి. వేళ్ళు పట్టాయో లేదో అని రెండ్రోజులకోసారి పీకి చూడకండి. పీకి చూసే చెయ్యి ఉన్నంతకాలం ఏ వేరూ పట్టదు.

"ఓ మొక్క పారేస్తే కొంపలంటుకుంటాయా" అనే వాళ్ళకీ జవాబుంది. పారేసేది ఎక్కడ? మురుగుకాలవలోనో, ఊరి చెరువులోనో. దక్షిణ అమెరికా నుంచి పూలు బాగున్నాయని తెచ్చుకున్న గుర్రపుడెక్క మన చెరువుల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. కేరళలో కోజికోడ్ జిల్లా ఆవళ పాండి దగ్గర 2020లో కాలవంతా గులాబీరంగు పూలు పరుచుకుంటే జనం ఫోటోలకి ఎగబడ్డారు. ఆ మొక్క కబాంబా. దానిదీ అమెరికా ఖండమే. చేపలతొట్ల కోసం అమ్మే మొక్కే. తొట్టిలో మురిపించేది కాలవలో పడితే నీటిని ఊపిరాడనివ్వదు.

ఇంతకీ ఇదంతా మొక్కల గొడవేనా అంటే, కాదు. యాభై ఏళ్ళు ఒక ఊళ్ళో, ఒక పెరడు చుట్టూ వేళ్ళు పాతుకున్న అత్తగారినో అమ్మనో తీసుకొచ్చి ఫ్లాటులో నాలుగో అంతస్తులో పెడతాం. ఆవిడ పాత మంచం, ఇత్తడి చెంబు, తులసికోట అన్నీ "అక్కడెందుకు, కొత్తవి కొందాంలే" అని అక్కడే వదిలేయిస్తాం. నెల తిరక్కుండానే ఆవిడ తిండి తగ్గించి, మాట తగ్గించి, గోడవైపు తిరిగి పడుకుంటే, "పెద్దావిడ పని అయిపోయిందండీ" అని మనమే తేల్చేస్తాం. ఆవిడ పని అవలేదు. పాత ఆకులు రాలుస్తోంది. ఆవిడతోపాటు పిడికెడు పాత మన్ను రానివ్వండి. కదిపి కదిపి చూడకుండా కొన్నాళ్ళు ఆగండి. వేళ్ళున్న ప్రాణిని కదిలించే హక్కు మనకుంటే ఉండొచ్చు గానీ, ఎనిమిదో రోజున తీర్పు చెప్పే హక్కు మాత్రం లేదు.